అందరూ పాదం అడిగారు, తుంటి ఎవరూ చూడలేదు

నడుం పట్టేసినప్పుడు మీరు ఎవరి దగ్గరికి వెళ్తారు? డాక్టరు దగ్గరికా, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ దగ్గరికా? పైకి ఏం చెబుతారో నాకు తెలుసు. కానీ మీలో చాలామంది ఏదో ఒక పొద్దున గోడకు చేతులానించి, వీపు ఎవరికో అప్పగించి నిలబడ్డవాళ్ళే. ఆ వీపులు నాకు బాగా గుర్తు. వాటిని తన్నిన కాలు నాదే.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల రావలసిన చోట ముందు కాళ్ళొచ్చాయి. అంతకు మించి నేను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. అయినా మా కడియం వైపు ఇది పెద్ద వైద్యం చదివినదానితో సమానం. ఇలా పుట్టినవాళ్ళు పరగడుపున మూడుసార్లు నడుం మీద తంతే పట్టు వదిలిపోతుందని నమ్మకం. మాది నర్సరీల ఊరు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వంగి కవర్లలో మట్టి నింపడం, కుండీలు ఎత్తి లారీల్లో పేర్చడం. నడుం పట్టెయ్యని ఇల్లు లేదు. దాంతో ఐదేళ్ళు నిండేసరికే నాకు రోగులు పెరిగిపోయారు. పొద్దున్నే తలుపు తీస్తే అరుగు మీద ఎవరో ఒకరు మూలుగుతూ కూర్చుని ఉండేవారు. మా అమ్మ నన్ను నిద్రకళ్ళతోనే ఎత్తుకొచ్చి నిలబెట్టేది. నేను తన్నేదాన్ని. వాళ్ళు బెల్లం ముక్క చేతిలో పెట్టి, నడుం పట్టుకునే వెళ్ళిపోయేవారు.

ఆ తన్నే పిల్ల కుంటిది. ఎడమ కాలు రెండు వేళ్ళ మందం పొట్టి. నడిస్తే బాతులా ఒక పక్కకు ఒరిగిపోయేదాన్ని. రోజూ నా పాదాన్ని వీపు మీద పెట్టించుకున్న మనుషుల్లో ఒక్కరికైనా, ఆ పాదానికి పైన ఉన్న తుంటికి ఏమైందన్న అనుమానం రాలేదు. పైగా దానికొక సిద్ధాంతం కూడా కట్టారు. శక్తంతా పాదంలోకి దిగింది కాబట్టి కాలు కుదించుకుపోయిందట. "కుంటికాలితోనే తన్నమ్మా, మహత్తంతా అందులోనే ఉంది" అని ఏరి కోరి ఎడమ కాలే అడిగేవారు.

మా నాన్న వాదసభల మనిషి. వేదికెక్కితే జాతకాలనూ ముహూర్తాలనూ ముక్కలు ముక్కలు చేసి కూర్చోబెట్టేవాడు. నాకు తర్కం నేర్పింది ఆయనే. ఒకసారి అలాంటి సభలో పెద్ద వాదం గెలిచి వచ్చిన మర్నాడు ఆయనకే నడుం పట్టేసింది. ఎవరూ చూడకుండా నన్ను పెరట్లోకి పిలిచాడు. "ఊరికే, నీ సరదా కోసం తన్నవే" అన్నాడు. నేను తన్నాను. ఆయన మీద నాకున్న గౌరవం ఆ పొద్దున్నే సగం పోయింది. మిగిలిన సగంతో ఆయన దగ్గర చదువుకున్నాను.

యాభై దాటాక తుంటి పూర్తిగా అరిగిపోయి రాజమండ్రిలో ఆపరేషన్ చేయించుకున్నాను. ఎక్స్‌రే చూసిన డాక్టరు చెప్పిన మాట ఇది: కడుపులో ఎదురుగా కూర్చున్న పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు, అందులోనూ తొలి కాన్పు వాళ్ళకు, తుంటి గిన్నె లోతు లేకుండా తయారయ్యే అవకాశం ఎక్కువ. అంటే నేను ఎదురుకాళ్ళతో పుట్టడంలో నిజంగా ఒక అర్థం ఉంది. ఊరు దాన్ని తలకిందులుగా చదివింది. తుంటి చూడమని శరీరం చెబుతుంటే, ఊరంతా పాదం పట్టుకుంది.

ఇదంతా నా గొడవే అయితే రాయకపోదును. రెండేళ్ళ కిందట మా అమ్మాయి తొలి కాన్పుకు నా దగ్గరికి వచ్చింది. బిడ్డ ఎదురుగా ఉందని స్కానింగులో తేలింది, ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. పదిహేనో రోజున పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, అడగకముందే నా కథంతా చెప్పాను. ఆ డాక్టరమ్మాయి నా మనవరాలి మోకాళ్ళు మడిచి మెల్లగా పక్కలకు విప్పింది. కుడి తొడ పుస్తకం అట్టలా వాలింది. ఎడమది సగంలో ఆగింది. ఇంకొంచెం వేళ్ళతో సర్దగానే లోపల ఏదో టక్కుమని కదిలినట్టు పసిదాని ఒళ్ళు అదిరింది. నా ఒళ్ళూ అదిరింది. మడమలోంచి తుంటిదాకా యాభై ఏళ్ళ నొప్పి ఒక్కసారి పాకింది.

తుంటికి స్కానింగు తీశాక డాక్టరు చెప్పింది. "భయపడకండమ్మా. తొడ ఎముక తల బంతి అనుకోండి, తుంటిలో దానికి గిన్నె ఉంటుంది. పాపకి గిన్నె లోతు చాలక బంతి అంచు మీద జారుతోంది. కాళ్ళు కప్పలా మడిచి, విడదీసి ఉంచితే బంతి గిన్నెలో కూర్చుంటుంది. అది కుదురుగా కూర్చుంటే గిన్నే దాని చుట్టూ పెరుగుతుంది. కొయ్యక్కర్లేదు, మందులక్కర్లేదు."

దానికి సాధనం మెత్తటి గుడ్డ పట్టీలు. భుజాల మీదుగా రెండు, ఛాతీ చుట్టూ ఒకటి, కాళ్ళకు మేజోళ్ళలాంటి తొడుగులు. పాపకు తొడిగి సర్దాక, ప్రతి పట్టీ ఎక్కడ ఆగాలో డాక్టరు బాల్‌పెన్నుతో గీత గీసింది. "రాత్రీ పగలూ ఒంటి మీదే ఉండాలి. స్నానానికి కూడా విప్పొద్దు, తడిగుడ్డతో తుడవండి. వారం వారం తీసుకురండి, నేనే సర్దుతాను. మూడు నాలుగు వారాల్లో బంతి కుదరకపోతే మాత్రం ఈ బెల్టు ఆపెయ్యాలమ్మా. అప్పుడు మత్తిచ్చి సరిచేసి, నడుం నుంచి పాదం దాకా పిండికట్టు వెయ్యాలి. అదీ కుదరకపోతే ఆపరేషన్."

మూడు నాలుగు వారాలు. నా మనవరాలు నాలాగా నడుస్తుందా, మీలాగా నడుస్తుందా అన్నది ఆ వారాల మీద ఆధారపడి ఉంది.

ఇరవై ఒకటో రోజు బారసాలకు మా వియ్యపురాలు వచ్చింది, సాయం చేస్తానని ఆగిపోయింది. ఆవిడ చదువు లేని మనిషి కాదు. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరైంది. గుమ్మంలోకి రాగానే పాపను చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యయ్యో, ఇదేంటి వదినగారూ! పసిగుడ్డుకి పగ్గాలు వేశారు!"

"పగ్గాలు కాదు వదినగారూ, పట్టీలు. తుంటి కుదరడానికి."

"మనమంతా పెరగలేదా అండీ? రోజూ నూనె పట్టించి, కాళ్ళు సాగదీసి నాలుగు చెంబులు పోస్తే అవే కుదురుకుంటాయి."

"నాకూ అలాగే పోశారండీ. నా నడక చూస్తూనే ఉన్నారుగా."

"మీది వేరు. మీది దిష్టి."

"బంతిగిన్నె కీలు మీద పరీక్షలో ఎన్ని మార్కుల ప్రశ్న ఇచ్చేవారు మీరు?"

"రెండు మార్కులది," అంది ఆవిడ తడుముకోకుండా. తర్వాత చురుగ్గా చూసింది. "అది సిలబస్ అండీ. ఇది ఇల్లు."

ఆ రెండు వాక్యాలూ మన దేశపు చదువుకు శిలాశాసనంగా చెక్కించుకోవచ్చు. ముప్పై ఏళ్ళపాటు బోర్డు మీద తుంటి కీలు బొమ్మ వేసిన చెయ్యి, సొంత మనవరాలి తుంటి దగ్గరికి వచ్చేసరికి నూనెగిన్నె వెతుక్కుంది. ఆవిడకు తెలియక కాదు. తెలిసినదాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి లోపలికి రావడం ఆవిడకు అలవాటు.

బారసాల రోజున పక్క నర్సరీ ఆయన వచ్చాడు. నన్ను అక్కగారూ అంటాడు, వయసులో చిన్నవాడు. ఉయ్యాల్లోకి తొంగి చూసి, రహస్యంగా అడిగాడు. "అక్కగారూ, పాపది ఎదురుకాళ్ళంట కదండీ?"

"ఆపరేషన్ చేసి తీశారయ్యా. కాళ్ళూ లేవు, తలా లేదు, ఒక్కసారే వచ్చింది."

"కోసి తీసినా లోపల ఉన్నది ఎదురుకాళ్ళేగా అండీ? లెక్కలోకి వస్తుందా, రాదా?" అని వియ్యపురాలి వైపు తిరిగాడు.

"ఎందుకు రాదండీ," అంది జువాలజీ. "రూటు మారింది గానీ పొజిషను మారలేదు కదా!"

అక్షింతలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళంతా ఈ శాస్త్రచర్చలో కలిసిపోయారు. ఆపరేషన్ కాన్పులో శక్తి సగమే ఉంటుందని ఒకావిడ, మత్తుమందు వల్ల పోతుందని ఇంకొకావిడ. ఉయ్యాల్లో పిల్ల పట్టీలతో పడుకుని ఉంది. అవెందుకని అడిగినవాళ్ళు లేరు. చూడ్డానికి బాగాలేవని మాత్రం వియ్యపురాలు పట్టుగుడ్డ కప్పింది.

నర్సరీ ఆయన వెళ్తూ వెళ్తూ ఉయ్యాల వైపు జాలిగా చూశాడు. "పసిదాన్ని అలా కట్టేస్తే ఎలా ఎదుగుతుందండీ?"

"నీ తోటలో వంకరపోయిన లేత మొక్కని ఏం చేస్తావు తమ్ముడూ?"

"వెదురుపుల్లకి పురికొసతో కడతామండీ."

"ఎన్నాళ్ళు?"

"కాండం గట్టిపడేదాకా. వారానికోసారి ముడి వదులు చేస్తాం."

"మధ్యలో నేనొచ్చి రోజూ ఒక గంట విప్పేస్తే?"

"అమ్మో, మళ్ళీ వంగిపోదూ!" అన్నాడు. అని, ఆ మాటకూ ఉయ్యాలకూ సంబంధం ఉందన్న ఊహైనా లేకుండా, చేతులు తుడుచుకుని భోజనానికి కూర్చున్నాడు.

మొదటివారం స్కానింగులో బంతి దారిలో పడిందని డాక్టరు సంతోషపడింది. ఆ మాటతో నేను గర్వపడ్డాను, గర్వం వల్ల ఏమరుపాటు వచ్చింది. మర్నాటి నుంచి పది రోజులపాటు రాజమండ్రిలో ఒక కాలేజీ పిల్లలకు మూఢనమ్మకాల మీద తరగతులు చెప్పడానికి ఒప్పుకున్నాను. పొద్దున్న తొమ్మిదింటికి ఆటో ఎక్కితే మధ్యాహ్నం రెండింటికి తిరిగి రావడం. మా నాన్న కూతుర్ని కదా, వేదిక పిలిస్తే ఆగలేను.

రెండోవారం స్కానింగు చూడగానే డాక్టరు ముఖం మారిపోయింది. బంతి మళ్ళీ అంచు మీదికి వచ్చేసింది. పట్టీలు పట్టుకుని చూసి, "గీత ఒకచోట, బకిలు ఒకచోట ఉందండీ. ఇంట్లో ఎవరైనా విప్పుతున్నారా?" అంది.

"మా ఇంట్లోనా?" అన్నాను. "మా ఇంట్లో అలాంటివి జరగవమ్మా. నేనెవరో మీకు తెలియదు."

డాక్టరు పట్టీలు సర్ది, కొత్త గీతలు గీసింది. మా అమ్మాయి పక్కనే నిలబడి నేల చూస్తోంది. అది కూడా నాకు కనిపించలేదు. వేదిక మీద నుంచి చూసేవాళ్ళకు దూరం బాగా కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు.

మర్నాడు తరగతి మధ్యలో కరెంటు పోయింది. ఉక్కపోతకు పిల్లలు నిలవలేదు. పదకొండింటికే ఇంటికొచ్చేశాను. పెరట్లో దండెం మీద తువ్వాళ్ళ పక్కన పట్టీలు ఆరేసి ఉన్నాయి. ముందు వాటిని చూశాను. తర్వాత వసారాలోకి చూశాను. నర్సరీ ఆయన చొక్కా విప్పి, స్తంభం పట్టుకుని, నడుం వంచి నిలబడ్డాడు. వెనకాల మా వియ్యపురాలు, నూనె ఓడుతున్న పాపను చంకలో ఇరికించుకుని, ఎడమ కాలు మడమ దగ్గర పట్టుకుని, నిటారుగా సాగదీసి, ఆయన వీపుకు తాటిస్తోంది. "ఒకటీ... రెండూ..."

మూడు అనకుండానే నేను అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. పాపను లాక్కోలేదు. లాగితే ఆ కాలికి ఏమవుతుందో నాకు తెలుసు. రెండు చేతులూ చాపి నిలబడ్డాను. ఆవిడే తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"స్నానానికి విప్పాను వదినగారూ. ఎలాగూ విప్పాను కదా, పాపం ఆయన నడుం చూస్తే..."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రోజూ ఒక గంటే. వారం నుంచి. తుడిస్తే మురికి పోతుందా అండీ? పసిపిల్ల ఒళ్ళు పాలవాసనేస్తోంది. మళ్ళీ సరిగ్గానే కట్టేస్తున్నానుగా!"

నర్సరీ ఆయన చొక్కా తొడుక్కోవడంలో తిప్పలు పడుతున్నాడు. చెయ్యి వెనక్కి రావడం లేదు.

"నడుం తగ్గిందా?" అని అడిగాను.

"కొద్దిగా తేలికపడిందండీ," అన్నాడు నిజాయితీగా. "ఇంకో రెండు పూటలైతే..."

వాళ్ళిద్దరి మీద నాకు కలిగిన అసహ్యానికి అప్పుడు మాటలు లేవు, ఇప్పుడున్నాయి. దెయ్యాన్ని నమ్మేవాడికి కనీసం భయమన్నా ఉంటుంది. వీళ్ళకు భయం లేదు, అవసరం లేదు, ఆలోచన లేదు. ఆటో ఎక్కితే పావుగంటలో నడుం డాక్టరు దొరికే మనిషి, నెల తిరగని పసిదాని కాలు అరువు అడిగాడు. కీళ్ళ పాఠం చెప్పిన మనిషి ఆ కాలు తీసి ఇచ్చింది. దీన్ని మూఢనమ్మకం అనడం కూడా గౌరవించడమే. ఇది ఇంకొకరి బిడ్డతో సరదా.

అప్పుడు మా అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. కుట్ల నొప్పికి ఒక చెయ్యి పొట్ట మీద ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీకు తెలుసా?" అన్నాను.

"స్నానం సంగతి తెలుసమ్మా. ఈ తన్నించడం తెలీదు. ఒక్క గంటకి ఏమవుతుందన్నారు అత్తయ్యగారు."

"మరి నాకు చెప్పొద్దూ?"

"చెబితే నువ్వు సభ పెడతావమ్మా," అంది. "ఇంట్లో ఏది చెప్పినా సభే. నాకు ఓపిక లేదు."

ఆరోజు తిన్న దెబ్బల్లో ఇదొక్కటే న్యాయమైనది. నా మనవరాలి తుంటి జారడంలో నూనెచెయ్యి ఎంతుందో, ఊరికి బుద్ధి చెప్పడానికి ఆటో ఎక్కి పోయిన నా గొంతు కూడా అంతే ఉంది. మా నాన్న పెరట్లో నన్ను తన్నమన్నాడు. నేను పెరడు వదిలేసి వేదిక ఎక్కాను. తేడా ఏమీ లేదు.

పట్టీలు మేం కట్టలేదు. అలాగే మెత్తగా పడుకోబెట్టుకుని మళ్ళీ రాజమండ్రి పరిగెత్తాం. డాక్టరు ముందు తల వంచుకుని, నిన్న నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇంకో రెండు వారాలు చూస్తానమ్మా. అప్పటికి కుదరకపోతే మత్తివ్వాల్సిందే," అని మాత్రం అంది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి పెన్ను తీసి, డాక్టరు గీతల మీద మళ్ళీ ముదురుగా దిద్దింది. అత్తగారి ఎదురుగానే. "ఈ గీత వెంట్రుకవాసి కదిలినా నాకు తెలుస్తుంది అత్తయ్యగారూ. ఇక నా కూతురి కాలు ఎవరికీ ఇవ్వను. మీకూ ఇవ్వను, పక్క నర్సరీ మావయ్యగారికీ ఇవ్వను. మా అమ్మకి కూడా ఇవ్వను." గొంతు పెంచలేదు. నా ఉపన్యాసాలన్నిటికంటే అది గట్టిగా పనిచేసింది. వియ్యపురాలు మర్నాడు పొద్దున్నే బ్యాగు సర్దుకుంది. "ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినదాన్ని, నాకు తెలియదని చెబుతున్నారు," అని దారిపొడుగునా అందరికీ చెబుతూ వెళ్ళింది. ఆవిడ చెప్పింది నిజమే. అదే నేరం.

నేను ఒప్పుకున్న ఉపన్యాసాలన్నీ మానుకున్నాను. పాపను వెల్లకిలా పడుకోబెట్టి, పట్టీల కింద వేలు పోనిచ్చి, తడిగుడ్డతో మడత మడతా తుడిచేదాన్ని. చంకల్లో, మోకాళ్ళ వెనక ఒరుసుకుపోకుండా చూసుకున్నాం. ఎత్తుకుంటే కప్పలాగే ఎత్తుకున్నాం. పొత్తిగుడ్డలో బిగించి చుట్టడం మానేశాం. మొదటి మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు నుంచి పట్టీలు పీక్కుంటూ నవ్వడం నేర్చుకుంది.

రెండు వారాల తర్వాత స్కానింగు గదిలో డాక్టరు తెర మావైపు తిప్పింది. నాకు నలుపూ తెలుపూ తప్ప ఏమీ అర్థం కాలేదు. ఆ అమ్మాయి వేలుపెట్టి చూపించింది. గుండ్రటి తల, దాని కింద గిన్నె అంచు. "కూర్చుందమ్మా," అంది. మా అమ్మాయి ఏడ్చింది. నేను ఏడవలేదు. నా ఎడమ తుంటి మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. మొత్తం మూడు నెలలు పట్టీలు ఉంచి, ఆ తర్వాత మెల్లగా మాన్పించారు. ఆరో నెల ఎక్స్‌రేలో రెండు తుంట్లూ ఒకేలా ఉన్నాయి. నడిచేదాకా చూపిస్తూ ఉండమన్నారు, చూపిస్తూనే ఉన్నాం.

కాన్పు సెలవు అయిపోయాక వాళ్ళ ఊరు వెళ్ళిన మా అమ్మాయి కిందటి నెల పిల్లను తీసుకుని మళ్ళీ వచ్చింది. ఇప్పుడు పిల్ల నడవడం కాదు, పరిగెడుతోంది. నర్సరీ ఆయన తోటలో బంతిమొక్కల వరసల మధ్య, ఏ పక్కకూ ఒరగకుండా. వెనకాల నేను బాతులా పరిగెడుతున్నాను. ఆయన కుండీ దించి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఆ కాళ్ళ వైపు మురిపెంగా చూశాడు.

"ఇప్పుడు బెల్టు లేదు కదండీ అక్కగారూ. గట్టిపడ్డాయి కూడా. ఒక్క తాపు..."

ఇంత జరిగాక కూడా. ఈ మనిషికి కోపం చాలదు, వాదం దండగ. పిల్లను ఎత్తుకుని ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను, ఆయన కోసం కాదు. మీ కోసం.

మీ ఇంట్లో, మీ పక్కింట్లో నెలల పిల్ల ఉందా? కడుపులో ఎదురుగా తిరిగి పుట్టిందా? మీ వంశంలో నాలాగా ఒరిగి నడిచేవాళ్ళున్నారా? అయితే ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. పాప రెండు తొడలూ సమానంగా విప్పారుతున్నాయో లేదో చూడండి. లాగొద్దు, సాగదీయొద్దు, ఊరికే చూడండి. సమానంగా కనిపించినా సరే, ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి తుంటి పరీక్ష చెయ్యమని నోరు తెరిచి అడగండి. పట్టీలు వేస్తే, వాటి మీద పడబోయే ప్రతి చేతినీ, అది మీ అమ్మదైనా సరే, పట్టుకుని ఆపండి. ఆ తర్వాత ఎవరైనా నడుం పట్టుకుని మీ గుమ్మంలోకి వచ్చి పిల్ల పాదం అడిగితే, తలుపు వెయ్యండి.